కలలో మాత్రం కాళ్లు కదలవు: రెండు గంటల హాఫ్ మారథాన్, 4:40 అలారం, వింత కలలు

వేకువపరుగు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ రన్నర్ల ఫోరంలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు మీతో చెప్పుకోవాలనిపించింది.

నాకు 38 ఏళ్లు. ఆఫీసు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పరుగు మొదలుపెట్టి మూడేళ్లయింది. మొదట్లో ఒక కరెంటు స్తంభం దాకా పరిగెత్తి, తర్వాతి స్తంభం దాకా నడిచేదాన్ని. ఇప్పటికి హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) నాలుగుసార్లు పూర్తి చేశాను. నా బెస్ట్ 2 గంటల 9 నిమిషాలు. ఇంకో పది వారాల్లో ఉన్న రేసును 2 గంటల లోపు ముగించాలని పెట్టుకున్నాను. అంటే ప్రతి కిలోమీటరూ 5:41లో (5 నిమిషాల 41 సెకన్లలో) పూర్తి కావాలి. పాత రేసులో నా సగటు 6:07. కిలోమీటరుకు 26 సెకన్లు తగ్గించాలి, అదీ వరసగా 21 సార్లు.

రోజూ 4:40కి అలారం. పిల్లలు లేచేలోపు ఇంటికి చేరాలి కాబట్టి 6:10 దాటకూడదు. బట్టలు, బూట్లు రాత్రే తలుపు పక్కన పెట్టుకుంటాను. లైటు వేస్తే చిన్నది లేస్తుంది, అందుకే చీకట్లోనే లేసులు కట్టుకోవడం అలవాటైంది. వారానికి ఐదు రోజుల పరుగు. బుధవారం ఇంటర్వెల్స్ (మధ్యలో విరామమిస్తూ 800 మీటర్లు వేగంగా, ఆరుసార్లు), ఆదివారం లాంగ్ రన్, మిగతా మూడు రోజులు ఈజీ. ఇంటి పనంతా అయ్యేసరికి రాత్రి 11:15, 11:30 అవుతుంది.

అసలు విషయం కలలు. నెల రోజులుగా దాదాపు ఒకే కల, కొంచెం మార్పులతో వస్తోంది. రేసు మొదలైపోయింది, నేనింకా లైనులోనే ఉంటాను. ఆ లైను మా ఆఫీసు వరండా గుండా, అక్కడి నుంచి నా చిన్ననాటి క్లాసురూములోకి వెళ్తుంది. బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు పట్టీ) మీద రేసు నంబరు బదులు నా పదో తరగతి హాల్ టికెట్ నంబరు. ఎలాగో బయటపడి పరుగు మొదలుపెడితే కాళ్లు సాగవు. నడుముదాకా నీళ్లలో ఉన్నట్టు. పక్కనుంచి అందరూ వెళ్లిపోతుంటారు. ఒక్కోసారి కిందికి చూస్తే రెండు కాళ్లకీ ఎడమ బూట్లే ఉంటాయి. మొన్న ఫినిష్ లైన్ కనిపించింది, కానీ అది మా ఇంటి మేడ మెట్ల మీద. ఎన్ని మెట్లెక్కినా రాదు.

లేచేసరికి గుండె దడ. ఆ వెంటనే నిజం పరుగుకి వెళ్లాలి. మీకెవరికైనా ఇలా వస్తాయా? ఈ గోల్ నాకు మించినదని మనసు చెబుతోందా?


తొలికిలోమీటరు | ఆదివారం, రాత్రి 10:05

అక్కా, నేను పరుగు మొదలుపెట్టి మూడు వారాలే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. నాకు వచ్చే కల మీ కలకి పూర్తిగా వ్యతిరేకం. రోడ్డుకి జానెడు పైన, ఆయాసమే లేకుండా వెళ్తూ ఉంటాను. ఊపిరి శబ్దం కూడా వినిపించదు. లేవగానే చాలా బాధేస్తుంది, ఎందుకంటే నిజంగా పరిగెత్తితే 60 సెకన్లకే గొంతు ఎండిపోతోంది. హాఫ్ నాలుగుసార్లు చేసిన మీకే కాళ్లు సాగని కలలు వస్తున్నాయంటే ఆశ్చర్యంగా ఉంది.


నైట్‌డ్యూటీ | సోమవారం, ఉదయం 7:30

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను నర్సుని, పదేళ్లుగా పరిగెత్తుతున్నాను. వేకువపరుగు గారూ, మీరు కంగారు పడొద్దు. ఈ కలలకి మీ గోల్ కంటే మీ అలారంతో ఎక్కువ సంబంధం ఉందని నాకనిపిస్తోంది.

మన నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తులుగా నడుస్తుంది. రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ. శరీరం మరమ్మతు చాలావరకు అప్పుడే జరుగుతుంది, గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేదీ అప్పుడే. తెల్లవారే కొద్దీ రెమ్ నిద్ర వాటా పెరుగుతుంది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే దశ అది. షికాగో విశ్వవిద్యాలయంలో ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో దీని గురించి ప్రచురించారు. బాగా స్పష్టంగా, కథలా సాగే కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. అందులోంచి హఠాత్తుగా లేపితే కల గుర్తుండిపోతుంది. మీ 4:40 అలారం సరిగ్గా ఆ దశ మధ్యలో మోగుతూ ఉండొచ్చు. మీరు ఎక్కువ కలలు కంటున్నారని కాదు, మధ్యలో తెగిన కలలతో లేస్తున్నారు.

ఇంకొకటి. రెమ్ నిద్రలో చేతులు కాళ్ల కండరాలను మెదడే వదులు చేసి ఉంచుతుంది. కళ్లు, ఊపిరి తీసే కండరం మాత్రం పనిచేస్తుంటాయి. అలా కట్టేయకపోతే కలలో చేసే పనులన్నీ మంచం మీద నిజంగానే చేసేస్తాం. పరిగెత్తమని లోపల ఆజ్ఞ వెళ్తుంది, కాళ్ల నుంచి జవాబు రాదు. నడుముదాకా నీళ్లు అన్నారే, దానికీ దీనికీ సంబంధం ఉందని చాలామంది అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

నా కల కూడా చెప్తాను. పేషెంట్ ఉన్న మంచాన్ని తోస్తూ రేసు పరిగెత్తుతుంటాను. ఆ పేషెంట్ ముఖం ఎప్పుడూ కనిపించదు. వరసగా మూడు నైట్లు చేసిన వారమే వస్తుంది, సెలవు వారంలో ఒక్కసారీ రాలేదు. పదేళ్లుగా గమనిస్తున్నాను.


స్టాప్‌వాచ్ | సోమవారం, మధ్యాహ్నం 1:15

కలల సంగతి నాకు తెలియదు గానీ అక్కా, మీ అంకెలు చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. 11:30కి పడుకుని 4:40కి లేస్తున్నారు. అంటే 5 గంటల 10 నిమిషాలు, అది కూడా పడుకోగానే నిద్ర పడితే. ఆ నిద్రతో వారానికి ఐదు పరుగులు, అందులో ఒకటి ఇంటర్వెల్స్. ఇది చాలా భారం.

ఒక ప్రశ్న: మీ ఈజీ రన్ ఏ పేస్‌లో చేస్తారు, అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు?


వేకువపరుగు | సోమవారం, మధ్యాహ్నం 2:02

కిలోమీటరుకి 6:10, ఒక్కోసారి 6:05. పొద్దున 6:10 గంటలకల్లా ఇంట్లో ఉండాలి కదా, నెమ్మదిగా వెళ్తే దూరం పూర్తి కాదు.


స్టాప్‌వాచ్ | సోమవారం, మధ్యాహ్నం 2:10

అసలు సమస్య ఇదే. మీ రేసు సగటు 6:07 అని మీరే రాశారు. అంటే ఈజీ అనుకుని వారానికి మూడుసార్లు రేసు వేగంతో పరిగెత్తుతున్నారు. ఈజీ అంటే పక్కన మనిషి ఉంటే పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి. మీ లెక్కకి 6:50 నుంచి 7:15 మధ్య ఉండాలి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 1960లలో ఒలింపిక్ విజేతలను తయారుచేసిన పద్ధతికి పునాది కూడా ఇలా ఆయాసం లేకుండా ఎక్కువ దూరం పరిగెత్తడమే. అంతటివాళ్లే రోజూ గట్టిగా పరిగెత్తలేదు.

దూరం గురించి ఆలోచించకండి, సమయం చూసుకోండి. 45 నిమిషాలు అనుకుంటే 45 నిమిషాలు, ఎంత దూరమైతే అంత. గురువారం పరుగు పూర్తిగా తీసేయండి, ఆ రోజు ఆరింటిదాకా పడుకోండి. రెండు నెలలు ఇలా చేస్తే బుధవారం 800లు మీకే తేలిగ్గా అనిపిస్తాయి.


పాతబూట్లు | సోమవారం, రాత్రి 8:50

నాకు 61 ఏళ్లు. 27 ఏళ్లుగా పరిగెత్తుతున్నాను. ఫుల్ మారథాన్లు 19. వేగం ఎప్పుడూ లేదు, ఇప్పుడు ఇంకా తగ్గింది. అమ్మా, నీ పోస్టు మూడుసార్లు చదివాను. నీ కలలు చదువుతుంటే నాకు పాత రేసులు గుర్తుకొచ్చాయి. నువ్వు కలలో చూసేవి నిజంగా మెలకువలో, ప్రపంచమంతా చూస్తుండగా జరిగాయి.

రేసు మొదలైపోయింది, నేనింకా చేరలేదన్నావు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఎడ్డీ హార్ట్, రే రాబిన్సన్ అనే ఇద్దరు అమెరికన్లు 100 మీటర్ల క్వార్టర్ ఫైనల్‌కి సమయానికి రాలేకపోయారు. కోచ్ దగ్గర ఉన్నది పాత టైమ్ టేబుల్. టీవీలో రేసులు కనిపిస్తుంటే అవి తమవేనని అప్పుడు తెలిసింది. ఏళ్ల తరబడి చేసిన సాధన ఒక తప్పు కాగితం వల్ల పోయింది. ఇప్పటికీ నేను ప్రతి రేసు ముందు స్టార్ట్ టైమ్ మూడుసార్లు చూసుకుంటాను.

దారి తెలియకపోవడం అంటావా, 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చి, ట్రాక్ మీద తప్పు దిక్కుకి తిరిగాడు. తర్వాత పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. ఆ చివరి కొద్ది వందల మీటర్లకి సుమారు పది నిమిషాలు పట్టింది. అధికారులు చేయి పట్టి లేపారని పతకం దక్కలేదు. మర్నాడు రాణి అలెగ్జాండ్రా ఆయనకి ఒక కప్పు బహూకరించింది.

బూట్ల గురించి నువ్వే చదివి ఉంటావు. 1960 రోమ్‌లో అబెబె బికిలా బూట్లు సరిపోక ఉత్తకాళ్లతో పరిగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం జపాన్ ఆటగాడు షిజో కనకురి కథ. నీ మేడ మెట్ల కల చదివాక అదే గుర్తొచ్చింది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్. ఆ రోజు విపరీతమైన ఎండ. మొదలుపెట్టినవాళ్లలో దాదాపు సగం మంది పూర్తి చేయలేదు. పోర్చుగల్‌కి చెందిన ఫ్రాన్సిస్కో లజారో ఆ ఎండదెబ్బకి మర్నాడు చనిపోయాడు. కనకురి దారిలో సొమ్మసిల్లే స్థితికి వచ్చి, ఒక ఇంటి తోటలో ఆగాడు. వాళ్లు తాగడానికి ఇచ్చారు, సేదతీర్చారు. ఆయన అధికారులకి చెప్పకుండానే వెళ్లిపోయాడు. స్వీడన్ లెక్కల్లో తప్పిపోయిన మనిషిగా మిగిలాడు. మళ్లీ 1920లో, 1924లో ఒలింపిక్స్ మారథాన్ పరిగెత్తాడు. అయినా ఆ 1912 రేసు పూర్తి కాలేదు. చివరికి 1967లో, 75 ఏళ్ల వయసులో, స్టాక్‌హోమ్ వాళ్లు పిలిస్తే వెళ్లి ఫినిష్ లైన్ దాటాడు. సమయం ప్రకటించారు: 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20 సెకన్లు.

నేను 30వ కిలోమీటరు దగ్గర కూలబడిన ప్రతిసారీ ఆ అంకె మనసులో అనుకుంటాను. నీ గోల్ నీకు మించినదని ఆ కల చెప్పడం లేదమ్మా. నువ్వు దాన్ని ఎంత కావాలనుకుంటున్నావో నాకు అందులో కనిపిస్తోంది. కాకపోతే రెండు గంటలు ఈసారే కావాలా అని మాత్రం ఒక్కసారి ఆలోచించు.


ఆగినఅడుగు | సోమవారం, రాత్రి 11:48

ఈ చర్చ చదివి నిద్రపోలేక రాస్తున్నాను. నా కుడికాలి షిన్ ఎముకలో (మోకాలి కింద ముందువైపు ఎముక) స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే భారం పడి వచ్చిన సన్నని పగులు. డాక్టర్ చెప్పి మూడు వారాలైంది. పరుగు పూర్తిగా బంద్. ఆరు వారాల్లో వారం దూరాన్ని 20 కిలోమీటర్ల నుంచి 50కి పెంచేశాను. ఊపిరి సహకరించింది, కండరాలు సహకరించాయి, ఎముకకి మాత్రం టైమ్ చాలలేదు. భారం పెరిగినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని కరిగించి తర్వాత కొత్తది కట్టుకుంటుందట. ఆ మధ్య వారాల్లో అది బలహీనంగా ఉంటుందని ఫిజియో చెప్పారు. నేను సరిగ్గా ఆ వారాల్లోనే దూరం పెంచాను. మొదట్లో నొప్పి అరచేయంత మేర ఉండేది. తర్వాత ఒక్క వేలుతో చూపించగలిగేంత చోటుకి కుదించుకుంది. అప్పుడైనా ఆగాల్సింది.

ఇప్పుడు నాకు రోజూ పరుగు కలే. వేకువపరుగు గారికి కాళ్లు కదలవు, నాకు చక్కగా కదులుతాయి. నేను రోజూ వెళ్లే చెరువు గట్టు, అదే వెలుతురు. కానీ అడుగు చప్పుడు ఉండదు, నేల తగలదు. దాన్నిబట్టి ఇది కల అని లోపల తెలిసిపోతుంది. అయినా లేవాలనిపించదు.

పొద్దున ఐదింటికి మెలకువ వస్తే కిటికీలోంచి పరిగెత్తేవాళ్లు కనిపిస్తారు. కర్టెన్ వేసేస్తున్నాను. మా ఆవిడకి ఇది అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను. ఎవరూ జీతమిచ్చి చేయించే పని కాదు, ఎవరూ అడగలేదు, ఎందుకింత బాధ అంటుంది. ఆవిడ మంచికే అంటుంది.


నైట్‌డ్యూటీ | మంగళవారం, ఉదయం 6:55

ఆగినఅడుగు గారూ, కర్టెన్ వేసుకోండి, తప్పేం లేదు. డాక్టర్ ఒప్పుకుంటే ఈత గానీ సైకిల్ గానీ అడగండి, ఊపిరి సత్తువ కొంత నిలబడుతుంది. నడకలో, గెంతినప్పుడు, వేలితో నొక్కినప్పుడు నొప్పి పూర్తిగా పోయేవరకు, డాక్టర్ సరే అనేవరకు మాత్రం పరుగు వద్దు. తొందరపడి మళ్లీ విరిగి వచ్చినవాళ్లని వార్డులో చూశాను.

మీ ఆవిడ అడిగిన ప్రశ్న మా ఇంట్లోనూ ఉంది. మైలును నాలుగు నిమిషాల లోపు మొదటిసారి పరిగెత్తిన ఇంగ్లండ్ రన్నర్ రోజర్ బానిస్టర్ ఉన్నారు కదా, 1954లో 3 నిమిషాల 59.4 సెకన్లలో అది పరిగెత్తినప్పుడు ఆయన వైద్య విద్యార్థి. దానికి ఆయనకి ఎవరూ జీతం ఇవ్వలేదు. డ్యూటీ తర్వాత బూట్లు కట్టుకునే ప్రతిసారీ ఆ మాట నాకు ధైర్యంగా ఉంటుంది.


వేకువపరుగు | మంగళవారం, రాత్రి 10:20

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. పాతబూట్లు అన్నగారూ, మీరు అడిగింది రోజంతా ఆలోచించాను. రెండు గంటలే ఎందుకు, ఈసారే ఎందుకు?

పొద్దున లేచింది మొదలు నేను చేసేవన్నీ ఎవరికోసమో చేసేవి. ఇష్టంగానే చేస్తాను, ఫిర్యాదు కాదు. ఆఫీసులో టార్గెట్లు ఎవరో పెడతారు. ఇంట్లో టైమ్ పిల్లల స్కూలు పెడుతుంది. నా అంతట నేను పెట్టుకున్న అంకె ఇదొక్కటే. అందుకే వదులుకోవాలంటే గొంతు పట్టేస్తోంది. వాయిదా వేయమంటే వేయగలనేమో. వదలలేను.

స్టాప్‌వాచ్ తమ్ముడూ, నీ మాట విని ఈ రోజు 7:05లో పరిగెత్తాను. మొదటి పది నిమిషాలు నడుస్తున్నట్టే ఉంది, చిరాకేసింది. తర్వాత పక్షుల చప్పుడు వినిపించింది. మూడేళ్లలో ఆ దారిలో పక్షులున్నాయని గమనించలేదు. గురువారం పరుగు తీసేస్తున్నాను. ఇంట్లో కూడా మాట్లాడాను, రాత్రి గిన్నెలు, పిల్లల బ్యాగులు ఇకనుంచి ఆయన చూస్తారు. అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. ఇన్నాళ్లూ అడగనేలేదు నేను.


వేకువపరుగు | నాలుగు వారాల తర్వాత, శనివారం

చిన్న అప్‌డేట్. వారానికి నాలుగు పరుగులు. నిద్ర ఆరున్నర గంటలకి పెరిగింది. కల పూర్తిగా పోలేదు, పది రోజులకోసారి వస్తోంది. మొన్న వచ్చినప్పుడు క్లాసురూములో కూర్చుని లేసులు తీరిగ్గా కట్టుకున్నాను, ఎవరూ తొందరపెట్టలేదు. దడ లేకుండా లేచాను. బుధవారం 800లు ఒక్కొక్కటీ 4 నిమిషాల 20 సెకన్ల దగ్గర నిలకడగా పడుతున్నాయి.


తొలికిలోమీటరు | నాలుగు వారాల తర్వాత, ఆదివారం

అక్కా, నేను ఇవాళ ఆగకుండా 12 నిమిషాలు పరిగెత్తాను! ఎగిరే కల ఈమధ్య రావడం లేదు. కొంచెం మిస్ అవుతున్నాను.


వేకువపరుగు | రేసు రోజు, సాయంత్రం 5:30

2 గంటల 1 నిమిషం 50 సెకన్లు.

16వ కిలోమీటరు దాకా గడియారం కొట్టినట్టు 5:41. గంటా 31 నిమిషాలకి అక్కడున్నాను. ఆ తర్వాత తొడలు బరువెక్కాయి, పేస్ 6 దాటింది. రెండు గంటల పేసర్ (సరిగ్గా ఆ టైమ్‌కి ముగించేలా పరిగెత్తి దారి చూపే మనిషి) చేతిలోని జెండా నా కళ్లముందే చిన్నదవుతూ పోయింది. 19 దగ్గర అచ్చం కలలోలాగే కాళ్లు సాగలేదు. కానీ అక్కడ ఎండ ఉంది, చెమట కళ్లలో మండుతోంది, పక్కనెవరో పెద్దాయన గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. నెమ్మదిగానైనా లైను దగ్గరవుతూనే ఉంది. దాటాక ఏడ్చాను. సంతోషమో బాధో విడదీయలేను. పాత టైమ్ కంటే 7 నిమిషాలు తక్కువ. ఇంకో 1 నిమిషం 51 సెకన్లు కావాలి. వచ్చే సీజన్‌కి పేరు ఇచ్చేశాను.


పాతబూట్లు | రేసు రోజు, సాయంత్రం 6:12

అమ్మా, చాలా సంతోషం. రెండు వారాలు పరుగు గురించి ఆలోచించకు. నీ బిబ్ దాచుకో. నా 19 బిబ్‌లూ ఒక అట్టపెట్టెలో ఉన్నాయి, మనవరాలు నంబర్లు చదివి వినిపిస్తుంటుంది.


స్టాప్‌వాచ్ | రేసు రోజు, రాత్రి 7:00

16 దాకా 5:41 అంటే వేగం ఉన్నట్టే అక్కా. చివరి ఐదు కిలోమీటర్ల ఓర్పు ఒక్కటే మిగిలింది. లాంగ్ రన్‌ను 18 నుంచి మెల్లగా 22కి తీసుకెళ్దాం. ప్లాన్ రాసి పంపిస్తాను, ఈజీ రోజులు ఈజీగానే ఉంటాయి.


ఆగినఅడుగు | రేసు తర్వాత, బుధవారం

వేకువపరుగు గారూ, అభినందనలు. మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. 19వ కిలోమీటరు దగ్గర తనే నన్ను ఆపి, ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదవమంది.

నా సంగతి: మొత్తం 13 వారాలు. ఇవాళ ఫిజియో ఒప్పుకున్నారు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఐదుసార్లు.


తొలికిలోమీటరు | రేసు తర్వాత, బుధవారం

అన్నా, నేను మొదలుపెట్టిందీ దాంతోనే! ఎలా ఉంది?


ఆగినఅడుగు | రేసు తర్వాత, బుధవారం

నేల తగిలింది తమ్ముడూ. మొదటి అడుగుకే చప్పుడు వినిపించింది. చెరువు గట్టు మీద ఐదు నిమిషాలు ఆ చప్పుడే వింటూ పరిగెత్తాను. సాయంత్రం ఎముక మీద వేలితో నొక్కి చూశాను, నొప్పి లేదు. ఎల్లుండి మళ్లీ ఐదు.